గీతకు అటు రెండు, ఇటు రెండు

కాలేజీలో నా పేరు సున్నా మేడం. పెట్టింది పిల్లలే. ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషికి ఇంతకన్నా మర్యాదైన పేరు దొరకలేదా అని మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను ఆ పేరు చెవిన పడితే నడుం ఇంకాస్త నిటారుగా పెట్టి నడవడం మొదలుపెట్టాను. సున్నా వేయడానికి చెయ్యి వణికేవాళ్ళు వేరే పని చూసుకోవాలని స్టాఫ్ రూములో పదిమందిలో అనేదాన్ని. అలాంటి మాటలు అనేటప్పుడు బాగానే ఉంటాయి. అవి తిరిగి ఇంటికి వస్తాయని, వచ్చి నాకున్న ఒక్కగానొక్క కూతురి ముందు నన్ను నిలబెడతాయని అప్పుడు తెలియదు.

మా ఆయన చదువుకున్న మనిషి కాడు. పంపులకు ఇనప మూతలు చేసే వర్క్‌షాపులో మార్కింగ్ చేసేవాడు. గుండ్రటి రేకు వస్తుంది. దాని మీద బోల్టు రంధ్రాలు ఎక్కడ పడాలో సూదిమొన పరికరంతో గీతలు గీసి, పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే చిన్న చుక్క పడుతుంది. డ్రిల్లు వేసేవాడు ఆ చుక్క మీద మొన ఆనించి కళ్ళు మూసుకుని దించేయొచ్చు. వర్క్‌షాపులో ఆయన్ని గీతల మేస్త్రి అనేవాళ్ళు. కూతుర్ని ఆయన చుక్కా అని పిలిచేవాడు. నన్ను మాత్రం మేడం గారూ అనేవాడు, అందులో వెటకారం ఎంతో, మురిపెం ఎంతో నేను ఏనాడూ తూచి చూసుకోలేదు.

చుక్కకు సంకీర్ణ సంఖ్యల పాఠం వచ్చిన ఏడు, ఇంట్లో భోజనాల బల్లకు ఒక చివర నేను పేపర్ల కట్టతో, ఇంకో చివర వాళ్ళిద్దరూ. దానికి మూలాలు కనుక్కోవడం కొరుకుడుపడలేదు. నిజానికి ఆ లెక్క వినడానికే భయం గానీ లోపల ఏమీ లేదు. ధ్రువ రూపంలో ప్రతి సంఖ్యకూ రెండే సంగతులు. మధ్య నుంచి ఎంత దూరంలో ఉంది, ఏ దిక్కున ఉంది. మైనస్ ముప్ఫై రెండు ఉందనుకోండి. దూరం ముప్ఫై రెండు, దిక్కు నూట ఎనభై డిగ్రీలు, అంటే సరిగ్గా వెనక్కి. దానికి అయిదో మూలం కావాలంటే దూరానికి అయిదో మూలం తీస్తే రెండు వస్తుంది. దిక్కును అయిదుతో భాగిస్తే ముప్ఫై ఆరు వస్తుంది. ఒక మూలం దొరికింది. సగం మంది పిల్లలు ఇక్కడే కలం మూసేస్తారు. మూలాలు మొత్తం అయిదు. మిగతా నాలుగూ దొరకాలంటే నూట ఎనభైకి ఒక పూర్తి చుట్టు, మూడొందల అరవై, కలిపి అప్పుడు భాగించాలి. ఇంకో చుట్టు కలిపి మళ్ళీ భాగించాలి. అలా ముప్ఫై ఆరు, నూట ఎనిమిది, నూట ఎనభై, రెండొందల యాభై రెండు, మూడొందల ఇరవై నాలుగు.

చుక్క చేసే తప్పు ఏటా ప్రతి క్లాసులో పదిమంది చేసేదే. ముందు భాగించేసి, ఆ తర్వాత చుట్టు కలిపేది. ముప్ఫై ఆరుకు మూడొందల అరవై కలిపితే ఎక్కడికి పోతాం? చుట్టూ తిరిగి మళ్ళీ ముప్ఫై ఆరు దగ్గరికే. అయిదుసార్లు అదే మూలం రాసి అయిదూ దొరికాయని సంబరపడేది.

"భాగించే ముందు కలపాలే. భాగించాక కలిపితే ఉన్నచోటే ఉంటావు," అన్నాను నా చివర నుంచి, తల ఎత్తకుండానే. ఇది నేను క్లాసులో వెయ్యిసార్లు చెప్పిన మాట.

కాసేపటికి అటు చివర సుద్దముక్క గీసిన చప్పుడు వినిపించింది. వంటింట్లోంచి గిన్నె మూత తెచ్చినట్టున్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన నన్నేదో అడిగాడు. నేను ఊఁ అన్నాను. పేపర్లు దిద్దుతున్నప్పుడు ఎవరేం అడిగినా నేను ఊఁ అనేదాన్ని. "మీ అమ్మ ఊఁ కి కూడా అయిదు మూలాలున్నాయే చుక్కా, ఏ ఊఁ అన్నదో కనిపెట్టడం నా వల్ల కాదు," అన్నాడాయన. ఆ మాట మాత్రం బాగా గుర్తుంది. ఆ రోజు నుంచి చుక్క ఆ లెక్క తప్పలేదు. నేను చెప్పిన ముక్క పనిచేసిందనుకున్నాను.

మరుసటి ఏడు ఆయన వర్క్‌షాపులో మూత మీద గీత గీస్తూ గీస్తూ కూలబడిపోయాడు. నేను ఆ రోజు పేపర్లు దిద్దే శిబిరంలో ఉన్నాను. అక్కడ గేటు దగ్గరే ఫోన్లన్నీ రేకు డబ్బాలో వేసి తాళం పెడతారు. ఆ నియమం గట్టిగా అమలు కావాలని అంతకుముందు ఏడాది పట్టుబట్టింది కూడా నేనే. సాయంత్రం ఫోను చేతికి వచ్చేసరికి పదకొండు కాల్స్ ఉన్నాయి, అన్నీ చుక్కవే. ఆసుపత్రిలో అది ఒక్కతే ఉంది. కాగితాల మీద సంతకాలు అదే పెట్టింది. నేను వెళ్ళేసరికి ఆయన ముఖం మీద దుప్పటి కప్పేశారు.

ఆ తర్వాత ఒక్కసారే అంది. "నీ ఫోను డబ్బాలో ఉందని నాకు తెలుసమ్మా. అయినా చేస్తూనే ఉన్నాను." అరిచి ఉంటే బాగుండేది. నేనూ ఏడ్చి, కాళ్ళావేళ్ళా పడి ఏదో ఒకటి చేసుకునేదాన్ని. అది మామూలు గొంతుతో అని కంచం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మా మధ్య మాటలంటే తాళం ఎక్కడ, పాలు పొంగాయా, ఆలస్యమవుతుంది. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెకున్నట్టు ఉండేవాళ్ళం.

పరీక్షలకు రెండు వారాల ముందు అది ఒక దరఖాస్తు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. వేరే ఊళ్ళో ఉన్న పెద్ద కాలేజీది. లెక్కల్లో డెబ్భై అయిదుకు డెబ్భై దాటితేనే చేర్చుకుంటారు.

"నేను లెక్కలే చదువుతాను," అంది.

"ఎందుకు?" అన్నాను. అంతకన్నా తెలివితక్కువ ప్రశ్న ఇంకోటి లేదు.

"నాన్నకు ఇష్టం. నీకూ ఇష్టమేగా."

నీకూ అంది. ఎనిమిది నెలల తర్వాత నన్నూ ఆయన్నూ ఒకే మాటలో కలిపింది. సంతకం పెట్టి, నీళ్ళు తాగే మిషతో వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాతో మాట్లాడని పిల్ల నా భాష నేర్చుకుంటానంటోంది. నేర్చుకుని ఏదో ఒకనాడు నాతో మాట్లాడకపోతుందా అనుకున్నాను. నాకు ఇక మిగిలిన ఆశంతా ఆ కాగితంలో ఉంది.

ఆ ఏడాది లెక్కల పేపరుకు మార్కుల స్కీము తయారుచేసే పని నాకే అప్పగించారు. ఏ జవాబుకు ఎన్ని మార్కులివ్వాలో రాసిపెట్టే కాగితం అది. మా శిబిరంలో తయారైన స్కీమే అన్ని శిబిరాలకూ వెళుతుంది. ఏ ఊరి పేపర్లు ఆ ఊళ్ళో దిద్దరు కాబట్టి చుక్క పేపరు నా చేతికి వచ్చే దారి లేదు. ఆ మాటే రాసి సంతకం పెట్టాను.

రెండో రోజు పొద్దున్న, కొత్తగా చేరిన లెక్చరరమ్మ ఒక పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ బెదురుబెదురుగా ఉండే పిల్ల. ఏడో ప్రశ్న, ఏడు మార్కులు. మైనస్ ముప్ఫై రెండుకు అయిదో మూలాలు ధ్రువ రూపంలో కనుక్కోమన్నారు.

"మేడం, ఇందులో చివరి రెండూ వేరేగా రాశారు. రెండొందల యాభై రెండు బదులు మైనస్ నూట ఎనిమిది, మూడొందల ఇరవై నాలుగు బదులు మైనస్ ముప్ఫై ఆరు. స్కీములో ఇలా లేదు. ఇచ్చెయ్యనా?"

నాకు తెలియక కాదు. మూడొందల ఇరవై నాలుగు డిగ్రీలు ముందుకు తిరిగినా, ముప్ఫై ఆరు డిగ్రీలు వెనక్కి తిరిగినా చేరేది ఒక్క చోటికే. మొదటి క్లాసులో నేనే చెబుతాను. కానీ ఆ ఏడు బజారులో ఒక గైడు పుస్తకం వచ్చింది, అడ్డదారులతో నిండిన పుస్తకం. ఆ మైనస్ గుర్తులు చూడగానే ఆ గైడే కళ్ళ ముందు కనిపించింది. పైగా అప్పటికే తల వేడెక్కి ఉంది.

"పుస్తకంలో ఏముంది? సున్నా నుంచి నాలుగు దాకా చుట్లు కలిపి భాగించమని. వీళ్ళు మైనస్ రెండు నుంచి రెండు దాకా తీసుకున్నారు. ఎవడు చెప్పాడు వీళ్ళకి?"

పక్క బల్ల మీది పొడుం మాస్టారు ముక్కు తుడుచుకుంటూ తలెత్తారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. "అమ్మా, చోటు అదే కదా. ఊరు చేరినవాణ్ణి పట్టుకుని ఏ బండెక్కి వచ్చావని తగువేసుకుంటామా?"

"చోటు అదే అయితే సరిపోదు మాస్టారూ. దారి తప్పు."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని..." అని ఆయన ఏదో గొణిగారు. గదిలో నలుగురు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు లేకపోయి ఉంటే నేను తగ్గేదాన్నేమో. తగ్గలేదు. కాగితం లాక్కుని స్కీము కింద ఇంకో వాక్యం చేర్చాను. పుస్తకంలోని పద్ధతిలో చుట్లు తీసుకోని జవాబులను దారి తప్పుగా లెక్కించి రెండు మార్కులే ఇవ్వవలెను. కింద నా సంతకం. మధ్యాహ్నానికల్లా అది అన్ని శిబిరాలకూ వెళ్ళిపోయింది. ఆ పూట భోజనం కూడా తృప్తిగా తిన్నాను.

ఫలితాలు వచ్చిన రోజు చుక్క గుమ్మంలో నిలబడి ఫోను తెర మీద అంకెలను చాలాసేపు చూసింది. లెక్కల్లో అరవై ఎనిమిది.

"రెండు మార్కులు పోయాయని నాకు తెలుసు, ఒక చోట కూడిక తప్పాను," అంది. "డెబ్భై మూడు రావాలి. అయిదు ఎక్కడ పోయాయమ్మా?"

ఇరవై ఆరేళ్ళుగా ఎంతోమంది తల్లిదండ్రులకు చెప్పిన జవాబే నోటికి వచ్చింది. "బాగా రాశామని అందరూ అనుకుంటారు. ఎక్కడో తప్పు చేసే ఉంటావు. దిద్దేవాళ్ళకు నీ మీద కక్ష ఏముంటుంది?"

అది నా వైపు చూసింది. తండ్రి కళ్ళే. జవాబు పత్రం నకలు కోసం దరఖాస్తు పెట్టుకుంది. పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఇల్లు తుడుస్తూ, బట్టలు మడుస్తూ అది ఆ లెక్కలన్నీ పైకి చెప్పుకుంటూనే ఉండేది. నేను విననట్టు తిరిగాను. విని ఉంటే ఏడో లెక్క నా చెవిన పడి ఉండేది.

నకలు వచ్చిన రోజు అది కవరు చింపి, పేజీలు తిప్పి, ఒక పేజీ దగ్గర ఆగింది. తర్వాత ఆ పేజీని భోజనాల బల్ల మీద నా చివరన పెట్టింది. తన చివర కూర్చుంది.

ఒక వృత్తం గీసి ఉంది. మధ్యలో అడ్డంగా గీత. గీత మీద ఎడమ చివర ఒక చుక్క. గీతకు పైన రెండు, సరిగ్గా వాటికి ఎదురుగా కింద రెండు. ప్రతి చుక్క మీదా చిన్న అడ్డగీతల గుర్తు ఉంది, మా ఆయన రేకు మీద పంచ్ పెట్టే ముందు వేసే గుర్తు లాంటిది. పక్కన ముత్యాల్లాంటి అక్షరాల్లో ముప్ఫై ఆరు, మైనస్ ముప్ఫై ఆరు, నూట ఎనిమిది, మైనస్ నూట ఎనిమిది, నూట ఎనభై. వాటన్నిటి మీదుగా ఎర్రసిరా కొట్టివేత. అంచున ఎవరో ముక్కూమొహం తెలియని మాస్టారు రాసిన మాట. స్కీము ప్రకారం దారి తప్పు, రెండు మార్కులు.

ఆ మాట నాదే.

"ఇది తప్పా అమ్మా?"

"కాదు."

"మరి స్కీము అని కొట్టేశారే. ఈ స్కీము ఎవరు రాస్తారు?"

అప్పుడు చెప్పాలి. ఆ క్షణం నా చేతిలోనే ఉంది. నేనే రాశాను తల్లీ అంటే సరిపోయేది. దాని ముఖం చూశాను, ఆయన పోయాక ఆ కళ్ళు మొదటిసారి నా నుంచి ఏదో కోరుతున్నాయి. అది పోతుందన్న భయంతో నా నాలుక నన్ను మోసం చేసింది.

"పై నుంచి వస్తుంది. ఎవరో, ఏమో," అన్నాను.

అది తలూపింది. పేజీ మడిచి తీసుకుని తన గదిలోకి వెళ్ళింది.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే పరీక్షల అధికారి గది బయట నిలబడ్డాను. ఆయన మంచివాడే. విషయం విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మేడం, మీరు రాతపూర్వకంగా ఇస్తే స్కీము సవరిస్తాం. అలా రాసినవాళ్ళ పేపర్లన్నీ తిరగదోడాలి. ఆరు వారాలు పడుతుంది. కాలేజీలో సీట్ల జాబితా ఎల్లుండితో మూసేస్తున్నారు, అది మా చేతిలో లేదు."

రాసిచ్చాను. నేనిచ్చిన ఆదేశం తప్పు, జవాబులు సరైనవని తెలిసి కూడా ఇచ్చాను అని రాశాను. అధికారి ఆ రెండో ముక్క అక్కర్లేదన్నాడు. ఉండనీయమన్నాను. అక్కణ్ణించే ఆ పెద్ద కాలేజీకి ఫోను చేస్తే, ఇవాళ్టి మార్కులే మాకు లెక్క అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులకేం, అవి మామూలుగానే ఉంటాయి.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. చుక్క భోజనాల బల్ల దగ్గర వాళ్ళ నాన్న పనిముట్ల సంచి విప్పి, కంపాసుకు నూనె రాస్తోంది. నేను నిలబడే చెప్పాను.

"ఆ స్కీము రాసింది నేనే."

కంపాసు కాళ్ళు ఒకసారి తెరిచి మూసింది. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నిన్ననే. దారి తప్పు అని నువ్వు తప్ప ఎవరంటారమ్మా? చిన్నప్పట్నుంచీ వింటున్నాను కదా." నూనె గుడ్డ పక్కన పెట్టింది. "నువ్వే చెబుతావేమోనని అడిగాను. చెప్పలేదు."

నేను దాని ఎదురుగా కూర్చున్నాను. ఆఫీసులో రాసిచ్చిన సంగతి చెప్పాను, ఆరు వారాలని చెప్పాను. అది అంతా వింది. ఎందుకిలా రాశావే, పుస్తకంలో ఉన్నట్టు రాసి ఉంటే అని అనబోయి ఆపుకున్నాను. కానీ ఆ సగం మాట నా ముఖం మీద కనిపించినట్టుంది.

"పుస్తకంలోదీ వచ్చు నాకు," అంది. "ఇది నాన్నది. ఆ రోజు ఇక్కడే, ఈ బల్ల మీదే చెప్పాడు. ఒకే వైపు కంపాసు నడిపించుకుంటూ పోతే వెంట్రుకవాసి తేడా ఒక్కో అడుగుకీ పెరిగి చివరి రంధ్రం దగ్గరికొచ్చేసరికి బోల్టు దూరదు చుక్కా అన్నాడు. మధ్య గీత దగ్గర మొదలుపెట్టి, అటు రెండు ఇటు రెండు వేసుకో అన్నాడు. మైనస్ ముప్ఫై ఆరు పక్కనే ఉంటే మూడొందల ఇరవై నాలుగు తిరగడం దేనికి, ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, అన్నాడు." అది నవ్వింది. ఆయన గొంతు అనుకరించబోయి నవ్వింది, నవ్వుతూనే పెదవి వంకర పోయింది. "తర్వాత నిన్ను అడిగాడు. మేడం గారూ, ఇలా రాస్తే మీ శాస్త్రం ఒప్పుకుంటుందా అని. నువ్వు ఊఁ అన్నావు. ఊఁ అంటే ఏంటని మళ్ళీ అడిగితే, రైటే అన్నావు."

నాకు గుర్తులేదు. ఎంత తవ్వినా గుర్తుకు రావడంలేదు. సుద్ద చప్పుడు గుర్తుంది, నవ్వు గుర్తుంది. ఆ మాట అన్న క్షణం నా కళ్ళ ముందు ఎవరి పేపరు ఉందో, ఏ పిల్లవాడికి ఎన్ని సున్నాలు వేస్తున్నానో. మా ఆయన జీవితంలో ఒక్కసారి నా లెక్కల్లోకి వచ్చి, తన పని తెచ్చి నా ముందు పెట్టి, ఒప్పుకుంటావా అని అడిగాడు. నేను తల ఎత్తలేదు.

"పరీక్షలో ఆ ప్రశ్న చూడగానే నాన్న గుర్తొచ్చాడు," అంది చుక్క. "నీ చేతికి వస్తే గుర్తుపడతావనుకున్నాను. ఇది మా ఆయన గీసిన గీతే, ఇది మా చుక్క పేపరే అని."

"మన ఊరి పేపర్లు నాకు రావే తల్లీ. నీకు తెలుసుగా."

"తెలుసు," అంది. "అయినా."

అంతే. ఆసుపత్రిలోంచి పదకొండుసార్లు ఫోను చేసిన పిల్ల అది. డబ్బాలో ఉందని తెలిసి కూడా. నా దగ్గరికి రాదని తెలిసిన పేపరులో కూడా నన్ను పిలిచింది. నేను పలికాను. అన్ని ఊళ్ళలోనూ ఎర్రసిరాతో పలికాను. ఆ రాత నుంచి దాక్కోవడానికి దానికి ఏ ఊళ్ళోనూ చోటు లేకుండా చేశాను.

ఆ రోజు దాని చెయ్యి పట్టుకున్నాను. తీసేసుకోలేదు. నూనె జిడ్డుతో ఆ చెయ్యి నా చేతిలో అలాగే ఉంది, ఎవరిదో వస్తువు కాసేపు దాచమని ఇచ్చినట్టు. కాసేపటికి, "సంచి సర్దాలి," అంది.

పెద్ద కాలేజీ జాబితా దాని పేరు లేకుండానే మూసేశారు. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెడదామన్నాను. చూద్దాంలే అంది. పది రోజుల తర్వాత వర్క్‌షాపు ఫోర్‌మన్ ఇంటికి వచ్చి, మేస్త్రి పోయాక గీతలు కుదరక సగం మూతలు వెనక్కి వస్తున్నాయని, పాప చెయ్యి వాళ్ళ నాన్న చెయ్యేనని అన్నాడు. చుక్క అప్పటికే సంచి భుజానికి తగిలించుకుని ఉంది. నేను అడ్డం పడలేదు. అడ్డం పడే హక్కు ఎక్కడుంది?

అప్పట్నుంచి నేను ఇంటికి పేపర్లు తేవడం మానేశాను. భోజనాల బల్ల దగ్గర నా చివర ఖాళీగా కూర్చుంటాను. అది వచ్చి కూర్చోగానే తల ఎత్తి చూస్తాను. ఇవాళ ఎన్ని మూతలు చేశావని అడుగుతాను, మధ్య గీత ఎలా పట్టుకుంటావని అడుగుతాను. మర్యాదగానే చెబుతుంది. కానీ ఆయనతో నవ్వినట్టు నవ్వదు, నన్ను తిరిగి ఏమీ అడగదు. క్లాసులో ఇప్పటికీ అదే ముక్క చెబుతున్నాను. భాగించే ముందు కలపాలి, భాగించాక కలిపితే ఉన్నచోటే ఉంటావు. ఆ మాట చెప్పేటప్పుడు పిల్లల వైపు కాకుండా బోర్డు వైపు తిరుగుతున్నాను. మొన్న ఆ ముక్క సగంలో ఆపేస్తే ముందు బెంచీ పిల్ల నీళ్ళ సీసా అందించింది.

ఆరు వారాలన్నది ఏడు వారాలు పట్టింది. కొత్త మార్కుల కాగితం నా పేరనే వచ్చింది. లెక్కలు, డెబ్భై మూడు. దాన్ని సాయంత్రం దాకా ఇంట్లో ఉంచడం నా వల్ల కాలేదు. కాలేజీలో సెలవు చెప్పి వర్క్‌షాపుకు వెళ్ళాను. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆ గేటు దాటి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి.

లోపలంతా ఇనుము కాలిన వాసన. డ్రిల్లు మోత చెవులు చిల్లులు పడేలా ఉంది. కిటికీ దగ్గర ఎత్తుబల్ల మీద గుండ్రటి రేకు పెట్టుకుని చుక్క వంగి ఉంది. తండ్రి ముతక చొక్కా, చేతులు మడత పెట్టి. మధ్య గీత మీద కంపాసు ఆనించి పైకి ఒక గుర్తు వేసింది, ఇంకో గుర్తు వేసింది. మళ్ళీ గీత దగ్గరికి వచ్చి కిందికి ఒకటి, ఇంకొకటి. ఎడమ చివర గీత మీద అయిదోది. తొందర లేదు, తడబాటు లేదు. ఏడు మార్కుల లెక్క మొత్తం కాగితం లేకుండా ఇనుము మీద చేసేసింది. నేను దాని పక్కన అంత దగ్గరగా నిలబడి, అది చేసే పని ఆసాంతం చూడటం అదే మొదలు.

మోత కాస్త తగ్గాక కాగితం బల్ల అంచున పెట్టాను.

"చుక్కా," అన్నాను. దాన్ని ఆ పేరుతో నేను ఎప్పుడూ పిలవలేదు. అది ఆయన పేరు. "డెబ్భై మూడు వచ్చాయే. నీ లెక్క మొత్తం రైటే."

పంచ్ మొన గుర్తు మీద నిలిపి, సుత్తి ఎత్తి, కన్ను రేకు మీంచి తిప్పకుండా, తల ఎత్తకుండా అది అంది.

"ఊఁ."